తిరుపతి ఎండల్లో ఫిలోడెండ్రాన్ గ్లోరియోసమ్: కొనడం నుంచి పిలక తీసేదాకా

ఆకుల అందం కోసం పెంచే ఈ గ్లోరియోసమ్ మన ఎండలకు ఆగదు, బెంగళూరు వాళ్లకే అది చెల్లు అని మొక్కలు పెంచేవాళ్లలో ఎవరో ఒకరు అంటూనే ఉంటారు. ఆగుతుంది. ఏప్రిల్, మే నెలల్లో 40 డిగ్రీలు దాటే ఎండ, ఉప్పు తేలే బోరు నీళ్లు, నవంబరులో పట్టే తుఫాను ముసురు, ఈ మూడూ దాటించగలిగితే మిగతా ఏడాదంతా తిరుపతి వాతావరణం దానికి పెద్ద ఇబ్బందేమీ కాదు. అసలు ఇక్కడ చచ్చిపోయే మొక్కల్లో చాలావరకు ఎండకు చావవు. ఎండిపోతుందేమోనన్న భయంతో రోజూ పోసే నీళ్లకు వేళ్లు కుళ్లి చస్తాయి. కింద చెప్పేవన్నీ చివరికి ఒక్కచోటికే వస్తాయి: వేళ్లకు తడి ఎంత అవసరమో గాలి కూడా అంతే అవసరం.

ముందు మొక్క సంగతి

ఇది కొలంబియా అడవుల మొక్క. 1876లో ఎదువార్ ఆంద్రే అనే ఫ్రెంచ్ వృక్షశాస్త్రవేత్త దీన్ని వర్ణించి పేరు పెట్టాడు. హృదయాకారపు ఆకు, దాని మీద మఖమల్ నూగు, ఆ ఆకుపచ్చ మీద తెల్లగా కొట్టొచ్చినట్టు కనిపించే ఈనెలు, కొత్త ఆకు అంచున లేత గులాబీ రంగు. బాగా కుదురుకున్న మొక్కకు ఒక్కో ఆకు అడుగు దాటి పెరుగుతుంది. కానీ తొందరపడే మొక్క కాదు, మంచి రోజుల్లో కూడా ఆకుకీ ఆకుకీ మధ్య నెల, నెలన్నర పడుతుంది. వారానికో ఆకు చూడాలనుకునేవాళ్లు మనీప్లాంట్ పెంచుకోవడం మేలు.

మనకు ఈ కుటుంబం కొత్తేమీ కాదు. చేమ, కంద, మనీప్లాంట్, ఆంథూరియం అన్నీ ఇదే ఎరేసీ కుటుంబం. కంద తరిగితే చేతులు దురద పెట్టడానికీ, ఈ ఆకు కొరికితే నోరు మండడానికీ కారణం ఒకటే, కణాల్లో ఉండే సూదుల్లాంటి కాల్షియం ఆక్సలేట్ స్ఫటికాలు. కందకైతే చింతపండు పులుసుంది, దీనికేమీ లేదు. పాకే పిల్లలు, ఆకులు నమిలే పిల్లి, కుక్కపిల్ల ఉన్న ఇంట్లో అందని చోట పెట్టండి. కోసేటప్పుడు గ్లౌజులు వేసుకోండి.

అన్నిటికంటే ముఖ్యమైన లక్షణం, ఇది తీగలా పైకి ఎక్కదు. అల్లం కొమ్ములా లావుగా ఉండే కాండం నేల మీద అడ్డంగా పాకుతూ ముందుకు పోతుంది, ఒక్కో కణుపు నుంచి పైకి ఒక ఆకు, కిందికి వేళ్లు. కొమ్ములా ఉంది కదా అని అల్లం పాతినట్టు మట్టిలో పాతిపెడితే మాత్రం పని అయిపోయినట్టే. దీనికి మాస్ పోల్ (తీగలు ఎక్కడానికి నాచు చుట్టి పాతే కర్ర) అక్కర్లేదు, ఎవరైనా మొక్కతో పాటు పోల్ కూడా అంటగడుతుంటే వాళ్లకు ఈ మొక్క గురించి పెద్దగా తెలియదని అర్థం.

కొనేటప్పుడు

ఏప్రిల్ నుంచి జూన్ మధ్య దాకా ఆన్‌లైన్‌లో ఆర్డర్ పెట్టకండి. మధ్యాహ్నం పూట కొరియర్ వ్యాన్‌లో మూసిన అట్టపెట్టె లోపల ఆ మొక్క ఉడికిపోతుంది, ఎంత నమ్మకమైన అమ్మకందారైనా చేయగలిగిందేమీ లేదు. ఆగస్టు, సెప్టెంబరు మంచివి, లేదంటే వానలు తగ్గాక జనవరి, ఫిబ్రవరి. బెంగళూరుకో చెన్నైకో ఎటూ వెళ్లే పని ఉంటే అక్కడి నర్సరీలో కళ్లతో చూసి కొనడం ఇంకా మంచిది. కడియం వైపు వెళ్లినా అడగొచ్చు. టిష్యూ కల్చర్ మొక్కలు, అంటే ల్యాబ్‌లో చిన్న ముక్క నుంచి వేలల్లో పెంచినవి, వచ్చాక దీని ధర బాగా దిగింది, అరుదైన మొక్క అన్న పేరు చూసి ఇప్పటికీ ఆకు లెక్కన వేలు అడిగేవాళ్ల దగ్గర బేరం ఆడండి, లేదా వదిలేయండి. థాయ్‌లాండ్ నుంచో ఇండోనేషియా నుంచో సొంతంగా తెప్పించుకుందామంటే 2003 నాటి మొక్కల క్వారంటైన్ ఉత్తర్వు ప్రకారం దిగుమతి పర్మిట్, మొక్కకు పురుగూ తెగులూ లేవని ఆ దేశం ఇచ్చే ఫైటోశానిటరీ సర్టిఫికెట్ రెండూ ఉండాలి. ఒక్క మొక్క కోసం అంత తలనొప్పి దండగ.

చూడాల్సింది ఆకులు కాదు, కాండం. వేలితో నొక్కితే గట్టిగా ఉండాలి, ఎక్కడా మెత్తబడి ఉండకూడదు, ముందు కొన దెబ్బతినకుండా ఉండాలి, కనీసం మూడు నాలుగు కణుపులు, తెల్లటి వేళ్లు కొన్నైనా ఉండాలి. ఒక పెద్ద అందమైన ఆకు, దాని కింద వేళ్లు లేని చిన్న ముక్క కన్నా, రెండు చిన్న ఆకులున్న మొక్క వెయ్యి రెట్లు నయం. పేర్లతో కూడా జాగ్రత్త. 'గ్లోరియస్' అని అమ్మేది గ్లోరియోసమ్‌కీ మెలనోక్రైసమ్ అనే ఇంకో ఫిలోడెండ్రాన్‌కీ పుట్టిన సంకరం, అది పైకి ఎక్కుతుంది. 'మెక్‌డోవెల్' అనేది గ్లోరియోసమ్‌ను పాస్తజానమ్ అనే మరో ఫిలోడెండ్రాన్‌తో కలిపిన సంకరం, అది పాకుతుంది, ఆకు పెద్దది. రెండూ మంచి మొక్కలే, కానీ మీరు డబ్బిచ్చింది దేనికో తెలిసి ఇవ్వండి.

ఇంటికి వచ్చిన మొదటి వారాలు

పెట్టె విప్పగానే కుండీ మార్చాలని చేతులు దురద పెడతాయి. మార్చకండి. వేళ్లు కుళ్లిన వాసన వస్తేనో, నీళ్లు ఓడుతున్న ముద్దమట్టిలో పంపితేనో తప్ప రెండు వారాలు అలాగే వదిలేయండి. మిగతా మొక్కలకు దూరంగా, నీడలో, ఏసీ గాలి నేరుగా తగలని గదిలో పెట్టండి. ఆకుల వెనక భాగం, కాడ మొదలు, కాండం మీద పొరలు ఫోన్ టార్చ్‌తో చూడండి. చిన్న మొక్క అయితే బట్టలు పెట్టుకునే పారదర్శక ప్లాస్టిక్ డబ్బాలో పెట్టి, మూత కొంచెం తెరిచి, రోజురోజుకీ ఇంకాస్త తెరుస్తూ మన గాలికి అలవాటు చేయాలి. నర్సరీ పాలీహౌస్‌లో తేమగా పెరిగింది ఒక్కసారిగా మన హాల్లోకి వస్తే ఒక ఆకు పసుపెక్కి రాలడం మామూలే, దానికి టెన్షన్ పడి ఎరువు వేయకండి.

మట్టి కలపడం

ఇక్కడే సగం పని ఉంది, కాబట్టి కాస్త ఓపిగ్గా చదవండి. తోటల్లో దొరికే ఎర్రమట్టి దీనికి పనికిరాదు, తడిస్తే ముద్దవుతుంది, ఎండితే ఇటుకవుతుంది. ఉత్త కోకోపీట్ (కొబ్బరి పీచు పొట్టు) కూడా వద్దు, మొదటి నెల బాగానే ఉంటుంది, తర్వాత అణిగిపోయి కుండీ అడుగున బురదలా తయారవుతుంది.

నేను వాడే పాళ్లు ఇవి: కొబ్బరి పీచు ముక్కలు నాలుగు పాళ్లు, శనగగింజంత సైజులో కొట్టిన ఇటుక ముక్కలు ఒక పాలు, అంతే సైజు బొగ్గు ఒక పాలు, కోకోపీట్ రెండు పాళ్లు, వర్మీకంపోస్ట్ ఒక పాలు, పెర్లైట్ (నర్సరీల్లో అమ్మే తేలికైన తెల్ల గుళికలు) దొరికితే ఒక పాలు. పెర్లైట్ లేకపోతే ఇటుక ముక్కలు ఇంకో పాలు పెంచితే సరిపోతుంది. బొగ్గు ఇస్త్రీ బండి వాళ్లు కొనే దుకాణంలో దొరుకుతుంది, కట్టెలు కాల్చిన మామూలు బొగ్గే కావాలి, బార్బెక్యూ కోసం అమ్మే అచ్చు బిళ్లలు వద్దు. ఇటుక ముక్కల్లోని దుమ్ము జల్లెడ పట్టి పారేయండి, ఆ దుమ్మే సందులు పూడ్చేస్తుంది.

కొబ్బరి ఉత్పత్తుల్లో ఉప్పు ఉంటుంది, ఈ మాట ఎవరూ గట్టిగా చెప్పరు. పీచు ముక్కల్నీ కోకోపీట్‌నీ రాత్రంతా నానబెట్టి, నీళ్లు పారబోసి, మళ్లీ నానబెట్టి, వచ్చే నీళ్లు టీ రంగు నుంచి దాదాపు తేటపడేదాకా కడగండి. నీళ్లలో కరిగిన లవణాలు ఎంతో చూపే చిన్న టీడీఎస్ మీటరు ఒకటి కొనుక్కుంటే ఈ కడగడానికీ, తర్వాత నీళ్లకీ రెండింటికీ పనికొస్తుంది. కలపడం అయ్యాక ఒక కుండీలో నింపి చెంబెడు నీళ్లు పోయండి. పోసిన నీళ్లు పైన నిలవకుండా కొన్ని క్షణాల్లో కిందికి దిగిపోవాలి. నిలిచిందంటే ఇంకో పాలు పీచు ముక్కలు కలపండి.

కుండీలో పెట్టడం

గుండ్రటి లోతైన కుండీ దీనికి సరైంది కాదు, ఏడాది తిరిగేసరికి కొన అంచు దాటి బయటికి వేలాడుతుంది. పొడవాటి తొట్టి కావాలి, బాల్కనీ గ్రిల్‌కు తగిలించే రకం అయినా చాలు. లోతు ఆరు నుంచి ఎనిమిది అంగుళాలు, అడుగున రంధ్రాలు బాగా ఉండాలి. మట్టి కుండీ మన వేసవిలో చాలా తొందరగా ఆరిపోతుంది, అందుకే ఇక్కడ ప్లాస్టిక్ తొట్టికే నా ఓటు, పక్కలకు కూడా నాలుగు రంధ్రాలు కాల్చిన మేకుతో పెట్టుకోండి.

కాండం వెనక భాగం తొట్టి ఒక చివర గోడకు ఆనేలా, పెరిగే కొన ఖాళీ పొడవు వైపు చూసేలా పడుకోబెట్టండి. వేళ్లు కిందికి, మట్టిలోకి. కాండం పై సగం బయట కనిపించాలి, అడుగు సగం మాత్రమే మట్టిని ఆనాలి. కదులుతుంటే ఇస్త్రీ దుకాణం హ్యాంగర్ తీగను యు ఆకారంలో వంచి రెండు చోట్ల గుచ్చండి, వేళ్లు పట్టుకున్నాక తీసేయొచ్చు. నీళ్లు పోసినప్పుడల్లా మట్టి కొట్టుకొచ్చి కాండం మీద చేరుతుంది, అప్పుడప్పుడూ వేలితో పక్కకు తోసేస్తుండండి.

ఎక్కడ పెట్టాలి

తూర్పు బాల్కనీలో ఉదయం ఎనిమిదిలోపు ఎండ పడినా ఫర్వాలేదు, అది కూడా వేసవిలో కాదు. పడమటి గోడ పక్కన అసలు వద్దు, మధ్యాహ్నం కాలిన గోడ రాత్రి తొమ్మిదింటికి కూడా వేడి చిమ్ముతూనే ఉంటుంది. మేడ మీద షేడ్ నెట్ వేసి పెంచుతామనేవాళ్లకు ఒకటే మాట, 75 శాతం నెట్ ఎండను ఆపుతుంది గానీ స్లాబు వేడిని ఆపదు. తొట్టిని చెక్క బల్ల మీదో ఇనుప స్టాండ్ మీదో నేలకు అడుగు ఎత్తున పెట్టాలి. ఆకు మాడితే కొత్త ఆకు వస్తుంది, కుండీ వేడెక్కి వేళ్లు ఉడికితే మళ్లీ రావడానికి ఏమీ మిగలదు.

వెలుతురు సరిపోతుందా అనేది తెలుసుకోవడానికి మధ్యాహ్నం పూట ఆకు మీద చేయి అడ్డం పెట్టండి. మసకగా నీడ పడితే చాలు, అంచులు పదునుగా కనిపిస్తే ఎక్కువ, నీడే లేకపోతే తక్కువ. అపార్ట్‌మెంట్ లోపలి గది అయితే 20 వాట్ల తెల్ల ఎల్‌ఈడీ ట్యూబ్‌ను ఆకులకు అడుగు, అడుగున్నర ఎత్తులో పది పన్నెండు గంటలు వెలిగిస్తే సరిపోతుంది. ఊదారంగు గ్రో లైట్ల మీద డబ్బు తగలెయ్యక్కర్లేదు, పైగా ఆ వెలుతురులో ఆకు మీద తెగులు కూడా కనపడదు.

నీళ్లు

వారానికి ఎన్నిసార్లు అని అడగకండి, ఆ ప్రశ్నకు జవాబు లేదు. వేలు రెండు కణుపుల లోతు గుచ్చి చూడండి. పై పొర ఆరి, లోపల కాస్త చల్లగా తగిలితే పోయొచ్చు. తొట్టిని ఎత్తి చూడడం అలవాటైతే వేలు కూడా అక్కర్లేదు, బరువే చెబుతుంది. మే నెలలో రెండు మూడు రోజులకోసారి కావచ్చు, నవంబరు ముసురులో వారం దాటినా అవసరం పడకపోవచ్చు. పోసినప్పుడు మాత్రం అడుగు నుంచి ధారగా కారేదాకా పోయండి, రోజూ పావు గ్లాసు చిలకరించడం వల్ల పైన తడి, కింద ఎండు, మధ్యలో ఉప్పు పేరుకోవడం తప్ప ఏమీ ఉండదు. ఉదయం పోయండి, రాత్రికి ఆకుల మీద తడి నిలవకూడదు.

ఇక ఏ నీళ్లు అనేది. తిరుపతిలో చాలా ఇళ్ల బోరు నీళ్లు గట్టివి, కుండీ అంచున తెల్లటి పొర కట్టినా, ఆకుల కొనలు గోధుమ రంగుకు తిరిగి ఎండుతున్నా మొదట నీళ్లనే అనుమానించండి. బకెట్‌లో రాత్రంతా పట్టి ఉంచితే ఉప్పు పోతుందని కొందరంటారు, పోదు, క్లోరిన్ కొంత పోతుంది అంతే. మరగబెడితే గట్టిదనం కొంత అడుగున తెల్లగా దిగుతుంది గానీ రోజూ ఎవరు మరగబెడతారు. టీడీఎస్ మీటరు పెట్టి చూడండి. 200 పీపీఎం లోపు ఉంటే హాయిగా వాడుకోవచ్చు, 500 దాటితే వేరే దారి చూసుకోవాలి. వాననీళ్లు అన్నిటికంటే మంచివి. ఏసీ నుంచి కారే నీళ్లలో లవణాలు దాదాపు ఉండవు, బకెట్ పెట్టి పట్టుకోండి, సర్వీసింగ్ చేయించిన రోజు నీళ్లు మాత్రం పారబోయండి. ఆర్‌ఓ తాగేనీళ్లు సరే, దాని పక్క పైపు నుంచి వృథాగా పోయే నీళ్లు మాత్రం మొక్కకు పోయకండి, ఉప్పంతా అందులోనే ఉంటుంది. పొదుపు మంచిదే, ఆ నీళ్లతో బాత్రూం కడగండి.

మే నెల దాటించడం

ఈ మొక్కకు హాయి అనిపించేది 20 నుంచి 30 డిగ్రీలు, గాలిలో తేమ 60 శాతం పైన. మన వేసవి మధ్యాహ్నం ఆ రెండింటికీ దూరం. కాబట్టి ఏప్రిల్ మొదటి వారంలోనే బాల్కనీ నుంచి లోపలికి, ఉత్తరం వైపు గదిలోకో ఇంట్లో చల్లగా ఉండే మూలకో మార్చండి. ఉన్న మొక్కలన్నిటినీ దగ్గర దగ్గరగా గుంపుగా పెడితే వాటి మధ్య తేమ కాస్త నిలుస్తుంది. పక్కన తడి గోనెసంచి వేలాడదీయడం పాత పద్ధతే అయినా బాగా పనిచేస్తుంది. ఎయిర్ కూలర్ ఉన్న ఇంట్లో ఇంకా సులువు, కూలర్ గాలి తేమగా ఉంటుంది, కిటికీ తెరిచి ఉంచి, గాలి మొక్కకు సూటిగా తగలకుండా చూసుకుంటే చాలు. ఏసీ గది చల్లగా ఉంటుంది గానీ గాలి పొడిగా ఉంటుంది, అక్కడ చిన్న హ్యూమిడిఫైయర్ అవసరం పడొచ్చు.

స్ప్రే బాటిల్‌తో ఆకుల మీద కొట్టడం మానేయండి. అయిదు నిమిషాల్లో ఆరిపోయే తేమ వల్ల మొక్కకు ఒరిగేదేమీ లేదు, మఖమల్ ఆకు మీద మాత్రం నీటి మచ్చలు మిగులుతాయి. పళ్లెంలో గులకరాళ్లు, నీళ్లు పోసి పెట్టడం కూడా కంటికి తృప్తే. ఈ రెండు నెలలూ ఎరువు వద్దు, కుండీ మార్చడం వద్దు, కోయడం అసలే వద్దు. కొత్త ఆకు పొరలో ఇరుక్కుని రాకపోతే లాగకండి, ఆ పొర మీద తడి దూది అరగంట పెట్టండి, అదే జారుతుంది.

వానల్లో

ఈశాన్య రుతుపవనాలు మొదలయ్యాక అక్టోబరు నుంచి డిసెంబరు దాకా చూరు కింద నుంచి తీయకండి. రోజుల తరబడి తడి, గాలి లేకపోవడం, ఈ రెండూ కలిస్తే ఆకుల మీద నీళ్లు ఊరినట్టు మచ్చలు లేచి, కంపు కొడుతూ గోధుమ రంగుకు తిరుగుతాయి. అది బ్యాక్టీరియా కుళ్లు. ఆ ఆకును మచ్చకు బాగా అవతల కోసి పారేసి, కత్తెరను స్పిరిట్‌తో తుడిచి, చిన్న టేబుల్ ఫ్యాన్ తక్కువ వేగంతో తిప్పండి. తుఫాను రోజుల్లో ఫ్యాన్ చేసే మేలు ఏ మందూ చేయదు. కరెంటు ఉంటే అనుకోండి.

ఎరువు

19-19-19 (నత్రజని, భాస్వరం, పొటాష్ సమానంగా ఉండే) నీటిలో కరిగే ఎరువు లీటరుకు అర గ్రాము, జూలై నుంచి మార్చి దాకా రెండు వారాలకోసారి, మట్టి కాస్త తడిగా ఉన్నప్పుడు. నెలకోసారి ఉత్త మంచినీళ్లు ధారాళంగా పోసి ఉప్పు కడిగేయండి. వేరుశనగ చెక్క నానబెట్టిన నీళ్లు గులాబీలకు బాగుంటాయేమో గానీ ఇంట్లో పెట్టే తొట్టికి వద్దు, కంపు, దాని వెనకే చిన్న నల్లదోమలు. ఆర్‌ఓ నీళ్లే వాడేవాళ్లు కాల్షియం, మెగ్నీషియం ఉన్న ఎరువు కూడా అప్పుడప్పుడూ ఇవ్వాలి.

పురుగులు

మిరప వేసిన రైతు ఎవరైనా మీకు తెలిసుంటే సగం పాఠం అయిపోయినట్టే, శత్రువులు వాళ్లవే. వేసవిలో ఎర్రనల్లి వస్తుంది, ఆకు వెనక సాలెగూడు లాంటి సన్నటి బూజు, పైన ఇసుక చల్లినట్టు చుక్కలు. తామర పురుగులైతే వెండి రంగు గీతలు, వాటి పక్కన నల్లటి చుక్కలు, కొత్త ఆకు వంకర తిరిగి రావడం. పిండినల్లి కాడల మొదళ్లలో దూది పెట్టినట్టు కనిపిస్తుంది.

ఎర్రనల్లికి మొదటి మందు నీళ్లే, ఆకు వెనక భాగాన్ని షవర్ ధారతో కడిగి, మూడు రోజులకోసారి అలా ఇంకో రెండు వారాలు చేయండి. పిండినల్లికి స్పిరిట్‌లో ముంచిన ఇయర్ బడ్. తామర పురుగులకు నీలం జిగురు అట్టలు వేలాడదీస్తే ఉన్నాయో లేవో తెలుస్తుంది, తగ్గించడానికి మాత్రం మందు కొట్టక తప్పదు. వేపనూనె మఖమల్ ఆకు మీద మరకలు వదలొచ్చు, మొదట పాత ఆకు మూల మీద కొట్టి రెండు రోజులు చూడండి, ఏ మందైనా సాయంత్రమే. ఆకు మీద దుమ్ముకు మెత్తటి పొడి బ్రష్ చాలు, గుడ్డతో రుద్దితే నూగు పోతుంది, మళ్లీ రాదు.

వేళ్లు కుళ్లితే

తడి మట్టిలోనే మొక్క వాడిపోయి కనిపిస్తే నీళ్లు ఎక్కువై వేళ్లు పోయాయని అర్థం. అప్పుడు ఇంకా నీళ్లు పోసేవాళ్లే ఎక్కువ. బయటికి తీసి కడగండి, గోధుమ రంగులో మెత్తగా జారిపోయే వేళ్లన్నీ కోసేయండి, కాండం కోతలో శుభ్రమైన లేత రంగు కనిపించేదాకా వెనక్కి కోయండి. సాఫ్ అనే బూజు తెగుళ్ల మందు లీటరుకు 2 గ్రాములు కలిపిన నీళ్లలో పది నిమిషాలు ముంచి, నీడలో కోత ఆరనిచ్చి, తడిపి పిండేసిన స్ఫాగ్నమ్ మాస్ (తేమ పట్టి ఉంచే నాచు) మీద మూత డబ్బాలో పెట్టండి. కాండం గట్టిగా ఉన్నంత కాలం ఆకులన్నీ పోయినా ఆశ వదలక్కర్లేదు.

పిలక తీయడం

కాండం మీద ఆరేడు కణుపులు, నాలుగు ఆకులు వచ్చేదాకా కత్తి ముట్టుకోకండి. కొత్త ఆకు పూర్తిగా విచ్చుకుని గట్టిపడ్డాక, ఆగస్టు, సెప్టెంబరు రోజుల్లో చేయడం మేలు. మామూలుగా అందరూ ముక్క కోసి బయటికి తీసి మాస్‌లో పెడతారు. దానికన్నా భద్రమైన పద్ధతి ఒకటుంది. కొన వైపు రెండు ఆకులు, వాటి వేళ్లు ఉంచుకుని, వాటి వెనక కాండాన్ని శుభ్రమైన బ్లేడుతో తెంపేసి, రెండు ముక్కల్నీ తొట్టిలోనే ఎక్కడివక్కడ వదిలేయండి. కోత రెండు రోజులు ఆరాకే నీళ్లు. ఎవరి వేళ్లు వాళ్లకు ఉన్నాయి కాబట్టి ముందు భాగం తన దారిన పోతుంది, వెనక భాగంలో నిద్రపోతున్న మొగ్గ కొన్ని వారాల్లో ఎర్రగానో ఆకుపచ్చగానో ఉబ్బడం కనిపిస్తుంది. ఆ మొగ్గ నుంచి మొదటి ఆకు విచ్చుకున్నాకే వెనక ముక్కను విడిగా తీయండి.

మొదటి ఆకు చిన్నదిగా, ఈనెలు పెద్దగా కనపడకుండా వస్తుంది, అది చూసి ఇది వేరే మొక్కేమోనని అనుకోవద్దు. స్నేహితులకు ఇవ్వాలన్నా, అమ్మాలన్నా రెండో ఆకు వచ్చేదాకా ఆగి, వేసవి కాకుండా చూసుకుని, కాండం సగం పైన కనిపించేలా తొట్టిలో పెట్టి మరీ ఇవ్వండి. లేకపోతే వాళ్లు ఇంటికెళ్లి దాన్ని అల్లంలా పాతిపెట్టి, నెల తర్వాత మీకే ఫోన్ చేస్తారు.